అదమాల, రుద్దగూడదు

పోయిన వారం పుంగనూరు బస్టాండులో ఒక చంటిబిడ్డ మెట్టు మీద నుంచి బోర్లా పడింది. వాళ్లమ్మ గబుక్కున ఎత్తుకుని, బొప్పి కట్టిన నుదుటిని అరచేత్తో గట్టిగా రుద్దుతూ, ‘ఏం కాలేదు నాయనా, ఏం కాలేదు’ అంటోంది. మన దగ్గర ఏ తల్లయినా చేసే పనే. నేను చేతిలో సంచి కింద పడేసి అరిచాను.

‘‘రుద్దొద్దమ్మా! అదుము! గట్టిగా అదిమి పట్టుకో!’’

బస్సు కోసం నిలబడినవాళ్లంతా తిరిగి చూశారు. ఆ తల్లి బిడ్డను పక్కకు లాక్కుని, ఈ ముసలమ్మకు ఏం వచ్చిందో అన్నట్టు చూసింది. నాకే సిగ్గేసింది. నోరు నాదే, మాట మాత్రం మా తమ్ముడిది. వాడు బతికుండగా ఆ మాట వినీ వినీ విసుగొచ్చేది. వాడు పోయాక అది నా నోట్లోంచి రావడం అదే మొదలు.

వాడి పేరు చెప్పను. కొత్త మందు పరీక్షించిన ఆస్పత్రిలో వాడికి పేరు లేదు, ఒక నంబరు ఉండేది. ‘మీ పేరు బయటికి రాదు’ అని డాక్టరమ్మ మాటిస్తే, ‘మంచిదే మేడమ్, మండీలో గూడా నన్ను పేరు పెట్టి పిలిచేవోడు లేడు’ అన్నాడు. ఆ అమ్మ ఇచ్చిన మాట నేను నిలబెడతాను. ఇంట్లో మాకు వాడు సిన్నోడు. నాకు సంతకం పెట్టేంత చదువే వచ్చు. నేను చెబుతుంటే మా కూతురు భారతి రాస్తోంది. కొన్ని చోట్ల పెన్ను ఆపి, ‘ఇది రాయనుమా’ అంటుంది. రాయవే అంటున్నాను.

వాడికి పుట్టుకతోనే నెత్తురు నిలవని జబ్బు. హీమోఫీలియా అంటారు డాక్టర్లు. మనకు దెబ్బ తగిలితే కాసేపటికి నెత్తురు గడ్డకట్టి ఆగిపోతుంది. అట్లా గడ్డకట్టించే పదార్థం ఒకటి వాడి ఒంట్లో తయారు కాదు. బయటికి కారే నెత్తురు కంటే లోపల కారేదే భయం. చిన్న దెబ్బకే మోకాలి కీలులోకి నెత్తురు దిగి, మోకాలు కుండలా ఉబ్బేది. రుద్దితే ఇంకా దిగుతుంది. అదిమి పట్టి, ఐసు పెట్టి, ఆస్పత్రికి పరిగెత్తాలి. మా అమ్మ తమ్ముడొకడు పాలపన్ను ఊడినప్పుడు మొదలైన నెత్తురుతోనే పోయాడట. అప్పట్లో గంగమ్మ కోపం అనుకున్నారు. ఆడవాళ్లకు మామూలుగా ఏమీ కాదు, కానీ ఆడవాళ్ల కడుపు దారినే వస్తుంది ఆ జబ్బు. అమ్మ నుంచి కొడుక్కి. మేం ఏమీ తెలియకుండానే దాన్ని మోసుకొచ్చి ఇస్తాం.

నాకు పెళ్లయ్యే నాటికి వాడింకా చిన్న పిల్లవాడు. మా అమ్మ పోతే, వాడిని నాతో పాటే పుంగనూరు తెచ్చుకున్నాను. మా ఆయన లారీ డ్రైవరు. మంచి మనిషి, ఏమీ అనలేదు. పాత చీరలు చింపి మంచం కోళ్లకు, రోలు అంచుకు, గడప మూలలకు చుట్టి కట్టేవాళ్లం. భారతి ఆ ఇంట్లోనే పుట్టి పెరిగింది. బడికి పోయే వయసు వచ్చాక స్నేహితురాలి ఇంటికి పోయి వచ్చి, ‘మా, వాళ్ల మంచానికి చీర కట్టలేదు, పాపం పేదోళ్లేమో’ అంది. సిన్నోడు నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకున్నాడు.

వాడి చేతిలో ఎప్పుడూ ఒక టిఫిన్ క్యారియరు ఉండేది. దాన్లో అన్నం ఉండదు, ఐసు ఉంటుంది. మదనపల్లె బస్సులో కూర్చుని, క్యారియరు ఎడమ మోకాలి మీద పెట్టుకునేవాడు. పక్కన కూర్చున్నవాళ్లు, ‘ఏం తెచ్చుకుంటివప్పా?’ అని అడిగితే, ‘సల్లన్నం’ అనేవాడు. ఒకసారి ఎవరో నిజంగానే మూత తీసి చూసి, ‘నీళ్లన్నం గదప్పా ఇది!’ అన్నారట. అది ఎన్నేళ్లయినా చెప్పుకునేవాడు.

మదనపల్లె టమాటా మార్కెట్లో, రైతుల సరుకు అమ్మిపెట్టే ఒక మండీలో వేలంపాట పాడేవాడు వాడు. మాటిమాటికీ నెత్తురు దిగి వంగిపోయిన మోకాలితో నిలబడలేడు కాబట్టి, బోర్లించిన క్రేటు మీద కాలు చాపుకుని కూర్చునే పాడేవాడు. గొంతు మాత్రం మార్కెట్టు గేటు దాకా వినపడేది. మా ఆయన పోయాక నేను చింతపండు కొట్టే పనికి పోయేదాన్ని. ఆ దుమ్ముతో నా గొంతు బొంగురు పోయింది. ‘మన ఇద్దరిలో గొంతు నాకు, దుమ్ము నీకు వచ్చినాదక్కా’ అని ఎగతాళి చేసేవాడు.

వాడికొక అలవాటు ఉండేది. పాట మొదలుపెట్టే ముందు ఏదో ఒక క్రేటు ఎంచుకుని నేల మీద కుమ్మరించేవాడు. రైతులు పైన మంచి కాయ పేర్చి, కింద మెత్తబడిన కాయ పెడతారు. అది అందరికీ తెలిసిన సంగతే. ఒకరోజు నేను అక్కడే ఉన్నాను. బి.కొత్తకోట వైపు రైతు ఒకాయన వాడితో తగవు పెట్టుకున్నాడు.

‘‘యాల కుమ్మరిస్తావప్పా? పైన సూస్తే తెలీదా?’’

‘‘పైనుండేది నువ్వు సూపించేది. కిందుండేది నువ్వు దాచేది. కొనేవోడికి రెండూ తెలియాల గదన్నా.’’

‘‘నా మింద ఇంత అనుమానమా నీకు?’’

‘‘అనుమానం వాల్లకుండాది. కింద కుల్లుండాదనుకునే తగ్గించి పాడతారు. కుమ్మరిస్తే ఇంగ తగ్గించే దానికి సాకుండదు.’’

ఆ రైతు గొణుక్కున్నాడు గానీ, ఆ రోజు ఆయన కాయకు మంచి ధరే వచ్చింది. పోతూ పోతూ, ‘నోరుండాదప్పా నీకు’ అని రెండు కాయలు వాడి ఒళ్లో వేసి పోయాడు.

కరోనా తగ్గి కొంతకాలమైంది. జబ్బుకు అవసరమైనప్పుడల్లా ఎక్కించే సూది కోసం ఆస్పత్రికి పోయినప్పుడు, బెంగుళూరులో ఒక కొత్త చికిత్స పరీక్షిస్తున్నారని అక్కడివాళ్లు చెప్పారు. జన్యు చికిత్స. ఒకే ఒక్క సూది. ఇద్దరం పోయాం. అక్కడి డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. ఆ పదార్థం ఎట్లా తయారు చెయ్యాలో వాడి లివర్‌కు తెలియదు. అది తెలిపే జన్యువును లోపలికి పంపుతారు. మోసుకుపోవడానికి ఒక వైరస్‌ను వాడతారు, దానిలో జబ్బు చేసే భాగం తీసేసి.

వైరస్ అనగానే నేను లేచి పోదామన్నట్టు వాడి చెయ్యి పట్టుకున్నాను. వాడు మాత్రం ముందుకు వంగాడు.

‘‘అంటే లారీ అన్నమాట మేడమ్. దాని సరుకు దించేసి మన సరుకు ఎక్కిస్తారు. అది పోయి లివర్ కాడ దించుతాది.’’

డాక్టరమ్మ నవ్వింది. ‘‘బాగా చెప్పారు. కానీ ఆ లారీని మీ ఒళ్లు గుర్తుపెట్టుకుంటుంది. మళ్లీ పంపితే గేటు దగ్గరే ఆపేస్తుంది. అందుకే ఒక్కసారే.’’

‘‘ఆ సరుకు ఎన్నాల్లు వస్తాది?’’

‘‘కొందరికి ఏళ్ల తరబడి పనిచేస్తోంది. కొందరికి తగ్గిపోయింది. మీకెంత అంటే తెలియదు. లివర్‌కు వాపు రావచ్చు, మాత్రలు ఇస్తాం. ఇంకా చాలా ఏళ్లకు ఏమవుతుందో ఎవరికీ తెలియదు.’’

‘‘నాకు పుట్టే పిల్లోల్లకు?’’

‘‘ఇది లివర్ వరకే. మీ విత్తనాన్ని మార్చదు. మార్చే ప్రయత్నం చేయకూడదని కట్టుబాటు కూడా ఉంది. ఇంకా పుట్టని వాళ్లను మనం అడగలేం కదా.’’

వాడు మండీలో అడిగినట్టే అడిగాడు. ‘‘మీ ఇంట్లో పిల్లోడికయితే ఏయిస్తారా మేడమ్?’’

ఆ అమ్మ చేతిలో పెన్ను బల్ల మీద పెట్టింది. ‘‘తెలియదు’’ అంది. ‘‘మీరు అడిగారు కాబట్టి ఇప్పుడే ఆలోచిస్తున్నాను. నిజంగా తెలియదు.’’

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను, ‘తెలీదు తెలీదు అంటుందే ఆయమ్మ, ఏం డాక్టరు?’ అన్నాను. వాడు క్యారియరు మోకాలి మీద సర్దుకుని, ‘‘లేదక్కా. ఆయమ్మ క్రేటు కుమ్మరించి సూపించింది’’ అన్నాడు.

అయినా వెంటనే ఒప్పుకోలేదు. మండీలో మూడు మాటల్లో బేరం తెంచేవాడు, ఈ ఒక్కదాన్ని నెలల తరబడి నాన్చాడు. మా పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క, మదనపల్లెలోనే ఉంటుంది. ఆమె నోటికి అడ్డు లేదు. ‘పేదోల్ల మింద మందులు పరీచ్చ జేస్తారంట. ఉత్తగా వస్తాది గదాని పోయి తొట్టిలో పడతావా?’ అని తిట్టింది. వాడు కోప్పడలేదు.

‘‘నువ్వు జెప్పేది నిజమే పెద్దమ్మా. ఎవురో ఒగరు ముందు దిగితేనే లోతు తెలిసేది. దిగేవోడు ఎప్పుడూ మనలాంటోడే. అయితే, లోతు తెలీదని దిగే ముందే చెప్తే అది మోసం గాదు. నేను తెలిసే దిగుతా.’’

సూది వేశారు. తర్వాత లివర్ వాపు వస్తే మాత్రలు మింగాడు. మొహం పూరీలా ఉబ్బింది. ఆకలేసి నా పళ్లెంలో ముద్ద కూడా లాక్కునేవాడు. అన్నీ సర్దుకున్నాక, పరీక్షల్లో ఆ పదార్థం వాడి ఒంట్లో తయారవుతోందని తేలింది. వంగిన మోకాలు వంగినట్టే ఉంది. పాత నష్టాన్ని ఆ మందు బాగుచేయదు. కొత్తగా నెత్తురు కారడం మాత్రం ఆగిపోయింది. క్యారియరులో మొదటిసారి అన్నం పెట్టిచ్చాను.

వాడు చేసిన మొదటి పని మంగలి షాపుకు పోయి గడ్డం గీయించుకోవడం. కత్తి అంటే భయంతో మీసం మొలిచినప్పటి నుంచీ గడ్డం పెంచాడు. నున్నటి మొహంతో ఇంటికి వస్తే, ఎవరో అనుకుని భారతి తలుపు దగ్గరే ఆపి, ‘ఎవురు కావాలప్పా?’ అంది. వాడి గడ్డం కింద చిన్న సొట్ట ఉంది. మా అమ్మకు ఉన్నట్టే. అది వాడికి కూడా తెలియదు.

ఆ ఏడు గంగ జాతరకు గుంపులోకి పోయాడు. అంతకు ముందు ఎన్నేళ్లూ మిద్దె మీద నుంచే చూసేవాడు. నేను వాడు వచ్చేదాకా గుమ్మం దగ్గరే కూర్చున్నాను. కుంటుకుంటూ వచ్చి, కాలు ఎత్తి చూపించాడు. బొటనవేలి గోరు నల్లబడింది.

‘‘తొక్కినారక్కా! నన్ను గూడా తొక్కినారు!’’

వీధిలో ప్రతి ఇంటికీ పోయి ఆ వేలు చూపించి వచ్చాడు.

అప్పుడు మొదలైంది అసలు సంగతి. మా వైపు అక్క కూతురిని తమ్ముడికి ఇవ్వడం మామూలు. పుట్టినప్పటి నుంచే, ‘ఇది సిన్నోడి పెండ్లాం’ అని ముద్దుగా అంటారు. వాడికి జబ్బు కాబట్టి ఇన్నాళ్లూ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు జబ్బు పోయింది. భారతికి డిగ్రీ అయిపోయింది. మా పెద్దమ్మ పళ్లూ తమలపాకులూ పట్టుకుని దిగింది.

‘‘నెత్తురు బాగైపాయ గదా. ఇంగేంటికి ఆలస్యం? ఇంటి పిల్ల ఇంట్లోనే ఉంటాది. ఈ యమ్మికి మొగుడు లేకపాయ, రేపు దీన్ని సూసేదెవరు?’’

ఆమె యమ్మి అన్నది నన్నే. ఆ మాట నాకూ నచ్చింది. నా బిడ్డా నా తమ్ముడూ నా కళ్ల ముందే ఉంటారు. నెత్తురుకు మందు వేశారు, నెత్తురు బాగైంది, ఇంక పుట్టే బిడ్డలకూ బాగైనట్టే కదా అనుకున్నాం మేమంతా. డాక్టరమ్మ చెప్పిన విత్తనం మాట నా చెవిలో పడింది గానీ బుర్రకు ఎక్కలేదు.

సిన్నోడు లేచి బయటికి పోయాడు. సాయంత్రానికి నర్సరీ నుంచి ఒక టమాటా అంటు మొక్క తెచ్చి మా పెద్దమ్మ ముందు పెట్టాడు. ఇప్పుడు మా వైపు చాలామంది అంటు నారే నాటుతున్నారు. కింద అడవి వంకాయ జాతి వేరు, పైన టమాటా కొమ్మ. అతుకు పెట్టిన చోట చిన్న క్లిప్పు ఉంటుంది.

‘‘పెద్దమ్మా, దీనికి ఎండు తెగులు వస్తాదా?’’

‘‘యాడొస్తాది? దాని వేరు గట్టిది.’’

‘‘కాయ బాగా కాస్తాదా?’’

‘‘కాస్తాది. నాకు సేద్యం నేర్పిస్తాండావా?’’

‘‘దీని కాయలో ఇత్తనం తీసి నాటితే, ఆ చెట్టుకు తెగులు రాదా?’’

పెద్దమ్మ మొక్కను పక్కకు జరిపింది. విత్తనానికి అతుకు బలం రాదని తెలియని రైతు ఎవరుంటారు?

‘‘నాకు గూడా అంటు పెట్టినారు పెద్దమ్మా’’ అన్నాడు వాడు. ‘‘నేను నిలబడినా. నా ఇత్తనం అదే పాత ఇత్తనం. మా అక్క నుంచి భారతి పాపకు గూడా వచ్చిండొచ్చు. రెండు పక్కలా కలిస్తే, మగబిడ్డలకే గాదు, ఆడబిడ్డలకు గూడా నెత్తురు నిలవకుండా పోతాది. మీరు ఇల్లు నిలబెట్టాలనుకుంటాండారు. ఇది ఇంటికి తెగులు పెట్టేది.’’

భారతి తలుపు చాటున ఉంది. ‘‘అమ్మయ్య’’ అని గట్టిగానే అంది. ‘‘నన్ను ఎత్తుకుని తిరిగినోడిని మొగుడా అని యాడ పిలిచేది?’’

అందరికంటే ముందు వాడే నవ్వాడు.

తర్వాత భారతికి పరీక్ష చేయించాడు. దాని ఒంట్లోనూ ఉంది ఆ జబ్బు మోసే గుణం. దానికి ఏమీ కాదు. మగబిడ్డ పుడితే రావచ్చు, రాకపోవచ్చు, సగం సగం. బయటి సంబంధాలు చూడడం మొదలుపెట్టాం. వచ్చిన ప్రతివాళ్ల ముందూ వాడు ఆ క్రేటు కుమ్మరించాడు. ఇద్దరు వెనక్కి పోయారు. ఒకాయనైతే కాఫీ గ్లాసు సగంలో పెట్టి లేచాడు.

మా పెద్దమ్మ జుట్టు పీక్కుంది. ‘నీ నోరు పాట కాడ పెట్టుకో, పెండ్లి కాడ గాదు! పిల్లోడికి వస్తాదో రాదో తెలీదు, ముందే యాల దండోరా?’ అంది. ‘రేపు నిజంగా వచ్చినాదనుకో, చెప్పినావని ఎవురూ మెచ్చుకోరు. పిల్లను ఇంటికి తరుముతారు.’

ఆ మాటే నా గుండెలో ముల్లులా దిగింది. చెబితే పెళ్లి కాదు. చెప్పకపోతే, బిడ్డ పుట్టినరోజే నా కూతురు గుమ్మం బయట ఉంటుంది. చెప్పినా ఉంటుందేమో. ఏది మేలో నాకు తేలలేదు.

రామకుప్పం వైపు నుంచి మూడో సంబంధం వచ్చింది. అబ్బాయికి కుప్పంలో కరెంటాఫీసులో ఉద్యోగం. తండ్రి లేడు. తల్లి సేద్యం చేస్తుంది, రాగి, టమాటా. ఎండకు నల్లబడిన, గట్టి మనిషి. సిన్నోడు చెప్పిందంతా మధ్యలో అడ్డు తగలకుండా విన్నది. అబ్బాయి వైపు పెద్దమనిషి ఒకాయన మాత్రం గొంతు సవరించుకున్నాడు.

‘‘తెలిసి తెలిసి తెగులుండే నారు తెచ్చుకుంటామా?’’

ఆమె ఆయన వైపు తిరగలేదు. ‘‘పోయిన ఏడు ఏనుగులొచ్చి చేనంతా తొక్కి పాయ’’ అంది. ‘‘తెగులు లేని నారే నాటింటి. ఏనుగు వస్తాదని ఎవురన్నా ముందుగా చెప్పిండారా?’’ తర్వాత సిన్నోడి వైపు చూసి, ‘‘బిడ్డకు వస్తే నేనేం జేయాలో అది చెప్పప్పా’’ అంది.

వాడు క్రేటు మీద కూర్చున్నట్టే కాలు చాపుకుని, ఆమె ముంజేయి తన చేతిలోకి తీసుకుని, బొటనవేలితో అదిమి చూపించాడు.

‘‘ఇట్ల అదమాల. రుద్దగూడదు. వేలు ఎత్తి సూడగూడదు. ఆస్పత్రికి పరిగెత్తాల. ఇప్పుడు మంచి సూదులుండాయి, బిడ్డ బడికి పోతాడు. వాడు పెద్దయ్యేసరికి నాకు ఏసిన దాని కంటే మంచిది వస్తాదేమో. రాదేమో. అది నాకు తెలీదమ్మా.’’

‘‘తెలీదని చెప్పినావు, అది చాలు’’ అంది ఆమె. ‘‘పాట కొట్టెయి.’’

వాడు గొంతెత్తలేదు. ‘‘ఒగటోసారి... రెండోసారి...’’ అని భారతి వైపు చూసి ఆగిపోయాడు.

‘‘నన్నేమన్నా టమాటా అనుకుంటివా మామా?’’ అంది ఇది.

‘‘అందుకే గదా ఆగినా. మూడోసారి నువ్వు జెప్పాల.’’

ఇది అబ్బాయిని ఒకసారి చూసి, తల దించుకుని, ‘మూడోసారి’ అంది. (ఇక్కడ పెన్ను ఆగింది. రాయవే.)

పెళ్లయిన కొన్నాళ్లకు వాడి మందు బలం తగ్గుతోందని పరీక్షలో తెలిసింది. డాక్టరమ్మ మొహం చిన్నబోతే వాడే ఆమెను ఓదార్చాడు. ‘లోడు అయిపోతాంది మేడమ్, మీరు ముందే చెప్పినారు గదా’ అన్నాడు. మళ్లీ పాత సూదులు. మళ్లీ క్యారియరులో ఐసు. ‘సల్లన్నం మల్లా వచ్చినాదక్కా’ అన్నాడు. వాడి కళ్లలో నీళ్లు చూసింది ఆ ఒక్కసారే.

భారతి కడుపుతో ఉందని తెలిసినప్పుడు, కడుపులో ఉండగానే బిడ్డకు పరీక్ష చేయవచ్చని ఆస్పత్రిలో చెప్పారు. ఇది వాడిని అడిగింది, ‘చేయించుకోవాల్నా మామా?’ అని. వాడు గడ్డం కింద సొట్ట నిమురుకున్నాడు.

‘‘నన్ను అడగొద్దు పాపా. నాలాంటోడు వద్దు అని నేనెట్ల చెప్పేది? నాలాంటోడే కావాలనీ ఎట్ల చెప్పేది? నొప్పి నాకు తెలుసు. జాతర గూడా తెలుసు. మీ ఇద్దరూ మాట్లాడుకోండి. ఏది జేసినా నేను తప్పు పట్టను.’’

‘‘నువ్వు పుట్టకుండా ఉంటే బాగుండునని నేను యానాడూ అనుకోలేదు మామా’’ అంది ఇది. మొగుడూ పెళ్లామూ మాట్లాడుకుని, పరీక్ష వద్దనుకున్నారు. ఇంకొకరైతే ఇంకొక రకంగా అనుకునేవాళ్లేమో. వాళ్లను నేను ఏమీ అనను.

ఆ వానాకాలంలోనే వాడు పోయాడు. మార్కెట్లో నేలంతా కుళ్లిన టమాటాల రొచ్చు. జారి పడ్డాడు, తల సిమెంటు దిమ్మెకు తగిలింది. మండీవాళ్లు అదిమి పట్టుకునే ఆస్పత్రికి తీసుకుపోయారట. వాడు నేర్పిన పాఠమే. సూదులూ వేశారు. లోపల కారిన నెత్తురు ఆగలేదు.

డాక్టరమ్మ ఫోన్ చేసింది. నేను ఒకటే అడిగాను. ‘‘ఆ ఒక్క సూది వల్ల పోయినాడా అమ్మా, లేకపోతే ఆ సూది చాలక పోయినాడా?’’ ఆమె దాచలేదు. ‘‘చాలకే అమ్మా. ఎందుకు చాలలేదో తెలియదు. ఆయన ఇచ్చిన నెత్తురుతోనే దాన్ని తెలుసుకోవడానికి చూస్తున్నాం’’ అంది. ఊళ్లో ఇప్పటికీ అడుగుతారు, ఆ మందు మంచిదా చెడ్డదా అని. గడ్డం గీసుకున్నాడు, జాతరలో తొక్కించుకున్నాడు అని చెబుతాను. పోయాడు అని కూడా చెబుతాను. రెండూ చెబుతాను.

భారతికి కొడుకు పుట్టాడు. కుప్పంలో ఆస్పత్రి. జబ్బు సంగతి ముందే చెప్పి ఉన్నాం కాబట్టి, పుట్టిన వెంటనే నెత్తురు పరీక్షకు పంపారు. ఫలితం వచ్చిన రోజు నేను వరండాలో గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. డాక్టరు చెప్పింది. బిడ్డకు ఉంది.

మా పెద్దమ్మ మాటే చెవుల్లో మోగింది, పిల్లను ఇంటికి తరుముతారు అని. లోపల వియ్యపురాలు ఉంది. ఆమె మొహం చూడాలంటే భయమేసి, గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

ఆమె బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. అప్పుడే నర్సు సన్న సూదితో ఇంకోసారి నెత్తురు తీసి పోయినట్టుంది. చిన్న దూది ఉండ మీద ఆమె బొటనవేలు ఉంది. మట్టి పగుళ్లతో నల్లగా, లావుగా ఉన్న వేలు. బిడ్డ ఏడుస్తున్నాడు. భారతి మంచం మీద నుంచి చేయి చాపి, అలవాటు కొద్దీ బిడ్డ చేతిని నిమరబోయింది.

ఆమె ఆ చేతిని పక్కకు నెట్టేసింది.

‘‘రుద్దొద్దు’’ అని కసిరింది. ‘‘మీ మామ చెప్పినాడు గదా. అదమాల, రుద్దగూడదు.’’

తర్వాత తల తిప్పి, గుమ్మం దగ్గర ఉన్న నన్ను చూసింది. ‘‘యాల ఆడనే నిలబడుకోని ఉండావు వదినా? లోపలికి రా. నా చెయ్యి కాలీగా లేదు, ఆ దుప్పటి తీసి బిడ్డకు కప్పు.’’

నేను దుప్పటి కప్పాను. బిడ్డ ఏడుపు ఆపి నిద్రపోయాడు. ఆమె వేలు మాత్రం ఎత్తి చూడలేదు.